హిట్ పాట పాడాలా, వద్దా? పాడితే చరణం కూడా పాడాలి

నమస్తే అండీ. ఈ వీడియోలో నేను రివ్యూ చేస్తున్నది ఆల్బమ్‌ని కాదు, సెట్‌లిస్ట్‌ని. అంటే ఏ పాట తర్వాత ఏ పాట పాడాలో రాసుకుని, స్టేజీ మీద కాళ్ల దగ్గర టేపుతో అతికించుకునే కాగితం. కచేరీ తలరాత అంతా ఆ కాగితం మీదే ఉంటుంది.

ఈ మధ్య ఒక లైవ్ కన్సర్ట్‌కి వెళ్లాను. గాయకుడి పేరు చెప్పను. ఆయన మీద కోపం లేదు, ఆయన పాటలు ఇప్పటికీ వింటున్నాను. నా పక్క సీట్లో అరవై దాటిన ఒక పెద్దాయన, ఆయన పక్కన వాళ్లమ్మాయి. షో మొదలవ్వకముందే ఆ అమ్మాయి నాతో అంది, "నాన్నగారు ఒక్క పాట కోసం వచ్చారండీ" అని. ఏ పాటో నేను అడగలేదు. హాల్లో సగం మంది దాని కోసమే వచ్చారు.

గంటన్నర గడిచింది. ఆ పాట ముందు వచ్చే ఫ్లూట్ బిట్ వినపడగానే పెద్దాయన సర్దుకుని నిటారుగా కూర్చున్నారు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. గాయకుడు పల్లవి మొదటి లైను పాడారు. రెండో లైనుకి మైకు జనం వైపు తిప్పారు. జనం పాడారు. మళ్లీ పల్లవి, మళ్లీ మైకు జనం వైపే. ఇక పల్లవికీ చరణానికీ మధ్య వాయించే ఇంటర్‌లూడ్ రావాలి కదా, అక్కడ డ్రమ్స్ ఒక్కసారిగా మోగించి వేరే పాట పల్లవిలోకి దూకేశారు. మెడ్లీ! అంటే పాటల ముక్కల్ని కలిపి కుట్టేయడం. పదకొండు నిమిషాల్లో ఏడు హిట్లు. నేను పక్కకి తిరిగి చూశాను. చరణం మొదటి మాట దగ్గర తెరుచుకున్న పెద్దాయన పెదాలు అలాగే ఉండిపోయాయి. కాసేపటికి జేబులోంచి కళ్లద్దాలు తీసి మళ్లీ పెట్టుకున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఈ వీడియో చేయడానికి కారణం అదే.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. పెద్ద హిట్ పాడాలి. పాడితే పూర్తిగా పాడాలి. పాడాలని మనసు లేకపోతే మానేయొచ్చు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ సంగతి మాకు ముందే తెలియాలి. మొక్కుబడిగా పాడటం మాత్రం వద్దు.

ముందు కళాకారుల వైపు నుంచి చూద్దాం. వాళ్ల విసుగు అబద్ధం కాదు. ఏడాదికి వంద షోలు అనుకోండి, ఇరవై ఏళ్లకి రెండు వేలు. ఒకే పాటని రెండు వేల సార్లు పాడాలి, అదీ ప్రతిసారీ అప్పుడే పుట్టినట్టు పాడాలి. మనం మాత్రం ఆ పాటని ఆ గొంతులో ఎదురుగా వినేది జీవితంలో ఒక్కసారి కావచ్చు. వాళ్లకి అది రెండు వేల ఒకటో సారి, మనకి అదే మొదటిసారి. గొడవంతా ఇక్కడే ఉంది.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ రేడియోహెడ్‌కి పేరు తెచ్చిన పాట 'క్రీప్', 1992లో వచ్చింది. తర్వాత వాళ్ల సంగీతం పూర్తిగా వేరే దారి పట్టింది. జనం మాత్రం ఆ పాటే అడిగేవాళ్లు. చివరికి ఏళ్ల తరబడి దాన్ని దాదాపు పక్కన పెట్టేశారు. 2016 టూర్‌లో మళ్లీ పాడటం మొదలుపెట్టారు. అయితే ప్రతి రాత్రీ కాదు, కొన్ని రాత్రులే. ఇది నాకు నచ్చింది. సెట్‌లిస్ట్‌లో తప్పనిసరిగా ఉండాల్సిన పాటగా కాకుండా, మనసైన రోజు ఇచ్చే కానుకగా మారింది.

లెడ్ జెపెలిన్ అనే రాక్ బ్యాండ్ గాయకుడు రాబర్ట్ ప్లాంట్ సంగతి ఇంకా లోతైనది. 1971 నాటి 'స్టెయిర్‌వే టు హెవెన్' ఎంత పెద్ద పాటో చెప్పక్కర్లేదు. 2007లో లండన్‌లో బ్యాండ్ మళ్లీ కలిసినప్పుడు దాన్ని పాడారు. ఆ తర్వాత పదహారేళ్లు ముట్టుకోలేదు. 2023లో ఒక సేవా కార్యక్రమం కోసం మళ్లీ పాడారు. ఇరవైల్లో రాసిన మాటలతో ఇప్పుడు తనకి సంబంధం కుదరడం లేదన్నది ఆయన వాదన. నేను దీన్ని గౌరవిస్తాను. మాటలు మనసులోంచి రానప్పుడు గొంతు ఒక్కటే పాడితే అది మనకి వినపడిపోతుంది. కుర్చీలో కూర్చున్న పిల్లవాడు కూడా పట్టేస్తాడు.

ఇప్పుడు నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ చెబుతాను. బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ, 1990. టూర్‌కి ముందే ప్రకటించేశారు: నా హిట్లన్నీ పాడబోతున్నాను, వీటిని పాడటం ఇదే ఆఖరు, తర్వాత అడగొద్దు. పైగా ఏ పాటలు కావాలో ఫోన్ చేసి ఓటేయమని అభిమానులనే అడిగారు. ఎంత పద్ధతైన పనో చూడండి. వచ్చేవాళ్లకి దేనికి వస్తున్నామో తెలుసు, రాలేనివాళ్లకి ఏం పోగొట్టుకుంటున్నామో తెలుసు. తర్వాతి ఏళ్లలో ఆ పాటల్లో చాలావాటిని ఆయన మళ్లీ పాడారు. మాట తప్పారని అనొచ్చు. నేను అనను. కొంతకాలం దూరంగా ఉంటేనే కొన్ని పాటల మీద మమకారం తిరిగొస్తుంది.

అలాగే బ్రిటిష్ గాయని కేట్ బుష్. 1979 తర్వాత ఆమె మళ్లీ పూర్తి స్థాయి కచేరీలు చేసింది 2014లో, అంటే ముప్ఫై అయిదేళ్లకి. లండన్‌లో 22 షోలు. ఆమెని స్టార్‌ని చేసిన 'వుదరింగ్ హైట్స్' ఒక్క రోజు కూడా పాడలేదు. దాని బదులు రెండు పెద్ద పాటల వరుసల్ని నాటకంలా, మొదటి నుంచి చివరిదాకా, ప్రాణం పెట్టి స్టేజీ మీద నిలబెట్టారు. ఇందులో మోసం లేదు. ఒకటి తీసేసి అంతకంటే పెద్దది చేతిలో పెట్టారు. మానేస్తే ఇలా మానేయాలి.

ఇంతకీ హిట్ అంటే ఎవరి హిట్? 2017 జులైలో లండన్‌లోని వెంబ్లీలో ఏ.ఆర్. రహ్మాన్ కచేరీ జరిగింది. తమిళ పాటలు ఎక్కువయ్యాయని, హిందీ పాటల కోసం వచ్చిన కొందరు మధ్యలోనే లేచి వెళ్లిపోయారు. డబ్బులు వెనక్కి ఇవ్వమని కూడా అన్నారు. ఆ కచేరీ పేరే తమిళం, 'నేట్రు ఇండ్రు నాలై'. నిన్న, నేడు, రేపు అని అర్థం. ఒకే ట్యూన్‌కి మూడు భాషల్లో మాటలున్నప్పుడు ఏ మాటలతో పాడితే అది హిట్? పక్కవాడు కన్నీళ్లు పెట్టుకుని వింటున్న పాటకి మనం లేచి వెళ్లిపోతున్నామంటే, కాస్త ఆలోచించాలి. నాకు తెలియని భాషలో రహ్మాన్ పాట ఎదురుగా వినే అవకాశం వస్తే నేను కదలను.

బాలు గారి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు తన యాభై ఏళ్ల పాటల ప్రయాణం సందర్భంగా అమెరికాలో కచేరీలు చేస్తున్నారు. మధ్యలో ఇళయరాజా గారి తరఫున లీగల్ నోటీసు వచ్చింది, తన పాటలు అనుమతి లేకుండా పాడకూడదని. పాట కట్టినవారికి దాని మీద హక్కు ఉంటుంది, నేను ఆ వాదనలోకి వెళ్లను. కానీ బాలు గారు ఏం చేశారో చూడండి. నోటీసు వచ్చిన సంగతి, ఇక ఆ పాటలు పాడలేనన్న సంగతి ఫేస్‌బుక్‌లో తనే చెప్పేశారు. మిగతా సంగీత దర్శకుల పాటలతో కచేరీలు కొనసాగించారు. శ్రోతని చీకట్లో ఉంచలేదు. నేను అడిగేది అంతే.

సరే, మళ్లీ ఆ మెడ్లీ దగ్గరికి వద్దాం, నా బాధంతా అక్కడే ఉంది కాబట్టి.

మెడ్లీ ఎందుకు పెడతారు? టైమ్ సరిపోదు, హిట్లు ఎక్కువ, ఏదీ వదిలేశారన్న మాట పడకూడదు. ఒప్పుకుంటాను. కానీ పల్లవి అందరికీ వచ్చు. రింగ్‌టోన్‌లో ఉండేది పల్లవే, నలుగురూ కలిసి అరిచేదీ పల్లవే. మనం ఒంటరిగా ఉన్నప్పుడు మనతో ఉండేది చరణం. పాటలో మనసు విప్పే చోటు అది. పల్లవులు ఏడు కలిపి వడ్డిస్తే ఏ పాటా కడుపు నిండదు. ఏడు ముక్కల బదులు రెండు పాటలు నిండుగా పాడండి. మిగతా అయిదు వదిలేశారని నేను కంప్లైంట్ చేయను.

మైకు జనం వైపు తిప్పడం గురించి ఒక విషయం గమనించాను. సరదాకి ఒకసారి తిప్పితే బాగుంటుంది, వేల గొంతులు కలిసినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. కానీ ఆ రోజు చూస్తే, సరిగ్గా పైస్థాయి స్వరం వచ్చే చోటే ప్రతిసారీ మైకు తిరిగింది. వయసుతో గొంతు మారుతుంది, పై స్వరాలు అందవు. అది ఎవరికైనా సహజం. దానికి మంచి దారి ఉంది, శ్రుతి తగ్గించుకోవడం. ఒక మెట్టు, అవసరమైతే రెండు మెట్లు కిందకి దించి పాడితే ఎవరూ తప్పు పట్టరు. రికార్డులో ఉన్న శ్రుతే కావాలని పట్టుబట్టి, అందని చోట మాకు వదిలేయడం దేనికి?

శ్రుతి దిగితే పాట పడిపోతుందని భయపడేవాళ్లు కెనడా గాయని జోనీ మిచెల్‌ని వినాలి. 'బోత్ సైడ్స్ నౌ' ఆమె ఇరవైల్లో రాసి, 1969 ఆల్బమ్‌లో పాడిన పాట. అందులో గొంతు సన్నగా, పైపైకి ఎగిరిపోతూ ఉంటుంది. 2000లో అదే పాటని ఆర్కెస్ట్రాతో మళ్లీ రికార్డ్ చేశారు, అప్పటికి గొంతు బాగా కిందకి దిగింది. 2015లో మెదడులో రక్తనాళం చిట్లి, నడక దగ్గర నుంచి మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. 2022 జులైలో, 78 ఏళ్ల వయసులో, ముందుగా చెప్పకుండా అమెరికాలోని న్యూపోర్ట్ ఫోక్ ఫెస్టివల్ స్టేజీ మీద ప్రత్యక్షమయ్యారు. కుర్చీలో కూర్చుని అదే పాట పాడారు. గొంతు మందంగా ఉంది. లైను లైనుకీ మధ్య తొందర లేదు. వెనక ఉన్న గాయని వైనోనా జడ్ ఆపుకోలేక ఏడుస్తూ కనిపిస్తుంది. పడుచు వయసులో ఊహించి రాసిన మాటల్ని, అవన్నీ అనుభవించిన గొంతు పాడుతోంది. పాత హిట్ మళ్లీ ఎందుకు పాడాలని ఎవరైనా అడిగితే నేను చూపించేది ఆ వీడియోనే.

అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్ ఇంకో రకం. ట్యూను, లయ ఎంత మార్చేస్తారంటే, పాటలో సగం అయ్యాకగానీ ఇది ఫలానాది అని జనానికి తెలియదు. కొందరికి అదే ఇష్టం. నాకు మాత్రం మార్పులో పాట ముఖం కాస్తయినా కనపడాలి.

ఇక కొత్త పాటలు. పాత బీటిల్స్ పాట మొదలుపెడితే జనంలో ఫోన్ లైట్లన్నీ నక్షత్రాల్లా వెలుగుతాయని, కొత్త పాట అనగానే అంతా చీకటైపోతుందని ఆ బీటిల్స్ బ్యాండ్‌లో ఒకరైన పాల్ మెకార్ట్‌నీ చెప్పుకొచ్చారు. అయినా ఆయన కొత్తవి పాడటం మానలేదు. 1973లో కెనడా రాక్ గాయకుడు నీల్ యంగ్ ఇంకా సాహసం చేశారు. అంతకుముందు ఏడాదే ఆయన పాట 'హార్ట్ ఆఫ్ గోల్డ్' అమెరికాలో నంబర్ వన్. జనం దాని కోసం వస్తే, ఆయన ఇంకా విడుదల కాని ఆల్బమ్ పాటలు పాడారు. చనిపోయిన మిత్రుల దుఃఖంలోంచి వచ్చిన పాటలు అవి. ఆల్బమ్ 1975లో గానీ రాలేదు. ఇవాళ అది ఆయన గొప్ప ఆల్బమ్‌లలో ఒకటి. ఆ 1973 హాళ్లలో నిరాశపడి ఇంటికెళ్లిన వాళ్లు ఏం విన్నారో వాళ్లకే ఆలస్యంగా తెలిసి ఉంటుంది.

అందుకే మన శ్రోతలకి కూడా ఒక విన్నపం. నేను వెళ్లిన కచేరీలో అన్నిటికంటే మంచి అయిదు నిమిషాలు ఒక కొత్త పాటవి. ఒక్క గిటార్, ఆయన గొంతు, అంతే. గొంతుకి సరిపోయే శ్రుతి, అలవాటుగా కాకుండా ఆలోచిస్తూ పాడారు. సరిగ్గా రెండో చరణంలో, అంతా నిశ్శబ్దంగా ఉన్నప్పుడు, వెనక నుంచి ఒకరు పాత హిట్ పేరు పెట్టి అరిచారు. గాయకుడు కళ్లు తెరిచారు. ఆ పాట మళ్లీ ఆ స్థాయికి రాలేదు. దయచేసి అలా చేయకండి. హిట్ వస్తుంది, అయిదు నిమిషాలు ఆగండి.

రేటింగ్ అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. బ్యాండ్‌కి 5కి 4.5, సౌండ్‌కి 4, ఆ కొత్త పాటకి 5కి 5. సెట్‌లిస్ట్‌కి 2.

షో అయ్యాక మెట్ల దగ్గర జనం కదలక ఆగిపోయాం. నా ముందు మెట్టు మీద ఆ పెద్దాయన, వాళ్లమ్మాయి చెయ్యి పట్టుకుని నిలబడ్డారు. చిన్నగా, తనకి తానే, ఆ చరణం పాడుకుంటున్నారు. తర్వాత రెండో చరణం ఎత్తుకున్నారు. ఒక చోట మాట గుర్తురాక ఆగారు. వెనక మెట్టు మీంచి నేను అందించాను. ఆయన వెనక్కి తిరగలేదు, అక్కడి నుంచే అందుకుని పాట పూర్తి చేశారు.