ఆన్‌లైన్ కోర్సుకి ఏ టూల్? ముందు ఈ సంగతి తేల్చుకోండి

నమస్కారం. ఆన్‌లైన్‌లో పాఠం చెప్పేవాళ్ళు నన్ను తరచూ అడిగేది ఒకటే. "స్టూడెంట్స్‌తో మాట్లాడటానికి ఏ యాప్ మంచిది?" అని. నేను యాప్ పేరు చెప్పను, ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు అందరికీ చెప్పాల్సిన మాటా? వాళ్ళు అందరి ముందూ అడగాల్సిందా? లేక ఒక్కరితోనే చెప్పాల్సిందా?

నా మొదటి కోర్సులో ఈ మూడింటినీ ఒకే మెసేజ్ గ్రూపులో పోశాను. అసైన్‌మెంట్ గడువు శుక్రవారం కాదు, బుధవారం అని ఒక రాత్రి పెట్టాను. దాని కింద ఓకే సార్‌లు, బొటనవేళ్ళు, దండాలు వరసగా పడ్డాయి. పొద్దున ఫోన్ తీసినవాళ్ళకి అసలు కబురు ఎక్కడో పైన ఉండిపోయింది. నలుగురు శుక్రవారమే పంపారు. వాళ్ళనేం అంటాం?

అందుకే ప్రకటనలు పెట్టే చోట ఇంకెవరూ రాయకూడదు. గూగుల్ క్లాస్‌రూమ్ తెరుస్తున్నాను, చూడండి. క్లాసులోకి వెళ్ళి, పైన చక్రం గుర్తు నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి. కిందకి జరపండి, స్ట్రీమ్ అని, అంటే ప్రకటనలు పడే పేజీ, ఉందా? అందులో 'ఓన్లీ టీచర్స్ కెన్ పోస్ట్ ఆర్ కామెంట్' ఎంచుకుని సేవ్ చేయండి. ఆన్‌లైన్ కోర్సులు నడిపే ఇంకో టూల్ మూడ్‌ల్ వాడేవాళ్ళకి ఈ పని కూడా లేదు. అక్కడి అనౌన్స్‌మెంట్స్ ఫోరమ్‌లో, అంటే ప్రకటనల చర్చావేదికలో, మామూలుగా స్టూడెంట్స్ రాయలేరు.

సందేహాలకి మామూలు ఫోరమ్ చాలు. చర్చకి మాత్రం అది చాలదు. మొదటివాడు రాసిన జవాబునే మిగతావాళ్ళు మాటలు మార్చి రాస్తారు. మూడ్‌ల్‌లో దీనికి క్యూ అండ్ ఏ ఫోరమ్ అని ఒకటుంది. తన జవాబు పెట్టేదాకా స్టూడెంట్‌కి ఇతరులవి కనబడవు. పెట్టాక కూడా వెంటనే కనబడవు. రాసింది దిద్దుకోవడానికి ఇచ్చే సమయం, మామూలుగా 30 నిమిషాలు, అయ్యాకే కనబడతాయి. ఈ ముక్క ముందే చెప్పండి, లేకపోతే "సార్, పని చేయట్లేదు" అని మెసేజ్‌లు మొదలవుతాయి.

ఇక అసలు విషయం, ఫీడ్‌బ్యాక్. "బాగుంది, ఇంకొంచెం మెరుగుపరచండి" అని రాశారనుకోండి. ఎక్కడ మెరుగుపరచాలి? ఇదిగో, ఈ వ్యాసంలో రెండో పేరాలో ఒక్క వాక్యం సెలెక్ట్ చేసి కామెంట్ పెడుతున్నాను. "కారణం చెప్పారు, ఉదాహరణ లేదు. ఒకటి కలిపి మళ్ళీ పంపండి." ఇది చదివినవాళ్ళకి ఏం చేయాలో తెలుస్తుంది. కాబట్టి టూల్ చూసేటప్పుడు వాక్యం మీద వేలు పెట్టి చూపించగలనా అన్నది చూడండి. గూగుల్ డాక్స్‌లో ఇలా కుదురుతుంది. మూడ్‌ల్‌లో పీడీఎఫ్ మీదే రాయొచ్చు. కాన్వాస్ అనే ఇంకో కోర్సు టూల్‌లో మార్కులు వేసే స్పీడ్‌గ్రేడర్‌లో గొంతు రికార్డు చేసి పంపొచ్చు. చేతిరాత బాగోలేని నాలాంటివాళ్ళకి పెద్ద ఊరట. సరే, టైపింగ్ కూడా అంతంతమాత్రమే లెండి.

క్లాస్‌రూమ్‌లో కామెంట్ బ్యాంక్ ఉంది. ఒకసారి రాసి దాచుకున్న మాటని మళ్ళీ మళ్ళీ వాడొచ్చు. సుఖంగానే ఉంటుంది. కానీ ఒకే కామెంట్ ఇరవైమందికి పెట్టాల్సి వచ్చిందంటే, నేను ఆ పాఠాన్నే మళ్ళీ చెప్తాను. ఇంకొకటి, మార్కు వేసి వదిలేస్తే అది డ్రాఫ్ట్‌గానే ఉండిపోతుంది. రిటర్న్ నొక్కితేనే అవతలివాళ్ళకి కనబడుతుంది. ఇది మర్చిపోయి వారం రోజులు "ఎవరూ అడగట్లేదేంటి" అనుకున్నాను నేను.

వాళ్ళ మాట మీరు వినడానికి గూగుల్ ఫామ్‌లో రెండే ప్రశ్నలు చాలు. ఏది అర్థం కాలేదు, ఏది మార్చాలి. కోర్సు సగంలో అడగండి. చివర్లో అడిగితే ఆ జవాబు వచ్చే బ్యాచ్‌కి పనికొస్తుంది, చెప్పినవాళ్ళకి కాదు. పేర్లు వద్దన్నారంటే నిజంగా వద్దు. సెట్టింగ్స్‌లో ఈమెయిల్ దగ్గర 'డు నాట్ కలెక్ట్' ఉందో లేదో చూసుకోండి.

అంతా పెట్టాక ఇంకో అకౌంట్‌తో, స్టూడెంట్‌గా, ఫోన్‌లో తెరవండి. మీరు రాసిన కామెంట్ కనబడేదాకా ఎన్నిసార్లు నొక్కాలో లెక్కపెట్టండి. మొన్న నేను పెట్టిన ఒక టూల్‌లో ఐదుసార్లు నొక్కాల్సి వచ్చింది. దాన్ని తీసేశాను.