క్రిప్టో డబ్బా సరే, ఆ 24 మాటలు ఎక్కడ దాచారు?

శ్రోతలకు నమస్కారమండి. ఈ రోజు క్రిప్టో గురించి, అంటే బిట్‌కాయిన్ లాంటి డిజిటల్ డబ్బు గురించి మాట్లాడుకుందాం. కొనమని చెప్పడానికి రాలేదు, వద్దనడానికీ రాలేదు, మీ డబ్బు మీ ఇష్టం. ఇప్పటికే కొనేసి ఫోన్లో పెట్టుకుని రోజూ రేటు చూసుకునేవాళ్లు మన భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు కూడా ఉన్నారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ చేసే కుర్రాడు, కువైట్‌లోనో దోహాలోనో ఉన్న అన్నయ్య, రొయ్యల్లో నాలుగు డబ్బులు మిగిలిన ఏడాది సరదాకి కొన్నాయన... అందరికీ కొనడం వచ్చు. దాచుకోవడం దగ్గరే వస్తోంది తంటా అంతా.

పన్ను సంగతి ముందే చెప్పేస్తాను. 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్, అంటే డబ్బు చేతికి రాకముందే కోసేసే పన్ను. ఒకదాంట్లో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేసుకోవడానికి కుదరదు. నేను చెప్పబోయే డబ్బా కొనుక్కుంటే పన్ను తప్పుతుందని ఎవరైనా అంటే, ఆయన మీకేదో అమ్మడానికి చూస్తున్నాడన్నమాట.

ఇక అసలు విషయం. ఎక్స్ఛేంజి, అంటే క్రిప్టో కొనడానికీ అమ్మడానికీ ఉండే కంపెనీ, దాని యాప్‌లో మీ కాయిన్లు కనిపిస్తున్నాయంటే అవి మీ చేతిలో ఉన్నట్టు కాదండి, ఫలానావారికి ఇంత ఇవ్వాలి అని వాళ్లు రాసిపెట్టుకున్నట్టు. 2024 జూలై 18న వజీర్‌ఎక్స్ అనే మన దేశపు ఎక్స్ఛేంజి మీద హ్యాకర్ల దాడి జరిగి సుమారు 23 కోట్ల డాలర్లు, మన లెక్కలో రెండు వేల కోట్ల రూపాయలకు దగ్గరగా పోయింది. ఆ తర్వాత ఖాతాదారులు తమ డబ్బు తీసుకోవడానికి దారి లేక నెలల తరబడి ఎదురుచూశారు. పాస్‌వర్డు జాగ్రత్తగా పెట్టుకున్నవాడూ పెట్టుకోనివాడూ అందులో ఒకటే అయిపోయారు, అదీ బాధ.

అందుకని కొంతమంది హార్డ్‌వేర్ వాలెట్ కొనుక్కుంటున్నారు. పెన్‌డ్రైవంత డబ్బా, దానికో చిన్న స్క్రీను. చెక్ దేశంవాళ్ల ట్రెజర్, ఫ్రాన్స్‌వాళ్ల లెడ్జర్ బాగా తెలిసిన పేర్లు. చాలామంది ఈ డబ్బాలోనే కాయిన్లు ఉంటాయనుకుంటారు. పొలం బీరువాలో ఉండదు కదండీ, బీరువాలో ఉండేది దస్తావేజు. ఇక్కడా అంతే, కాయిన్ల లెక్క ప్రపంచమంతా ఉన్న కంప్యూటర్లలో ఉంటుంది, డబ్బాలో ఉండేది వాటిని కదిలించే ప్రైవేట్ కీ. కాకపోతే దస్తావేజు పోతే రిజిస్ట్రారాఫీసుకు వెళ్లి నకలు తెచ్చుకోవచ్చు. దీనికి ఆఫీసూ లేదు, గుమాస్తా లేడు. నకలేదైనా ఉందంటే అది మీ చేత్తో మీరు రాసుకునే 24 మాటలే.

ఆ రాసుకోవడం ఎలా ఉంటుందో చెప్తాను. డబ్బాను కేబుల్‌తో కంప్యూటరుకు తగిలించి, కొత్త వాలెట్ అని నొక్కి, పిన్ పెట్టగానే స్క్రీను మీద ఒకటో మాట, రెండో మాట అంటూ వరసగా ఇంగ్లీషు మాటలు వస్తాయి. లెడ్జర్‌లో 24 వస్తాయి, కొన్నిట్లో 12 గానీ 20 గానీ ఉంటాయి. 24 మాటలు, 12 మాటలు ఇచ్చే పద్ధతిలో అన్నీ 2,048 మాటలున్న ఒకే పట్టికలోంచి వస్తాయి. ఫోన్లు, గోలలు లేని టైములో తలుపు గడియ పెట్టుకుని కూర్చుని, వచ్చిన వరసలోనే అంకెలు వేసి కాగితం మీద రాయాలి. తెలుగు అక్షరాల్లో మాత్రం రాయొద్దండి, ఆ పట్టికలో రైట్ అని పలికే మాటలు రెండున్నాయి, కుడి అనేదొకటి, రాయడం అనేదొకటి, తెలుగులో రాస్తే అయిదేళ్ల తర్వాత అది ఏ రైటో మీకే తెలీదు.

డబ్బాతో పాటే మాటలు అచ్చువేసిన కార్డు వచ్చిందనుకోండి, అది మోసం. ఆ మాటలు పంపినవాడి దగ్గర కూడా ఉంటాయి, మీరు కాయిన్లు వెయ్యడమే ఆలస్యం, అవతల లాగేస్తాడు. తక్కువకొస్తోందని ఎవరో వాడినదీ, ఊరూపేరూ లేని దుకాణంలోదీ కొనకండి.

ఇప్పుడు డెస్క్‌టాప్ యాప్. ఈ డబ్బాలు చేసే కంపెనీలే కంప్యూటర్లో వేసుకోవడానికి యాప్ ఇస్తాయి. బ్యాలెన్స్ చూపించడం, పంపాల్సిన లావాదేవీ తయారు చేయడం, డబ్బాలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడం దాని పని. సంతకం, అంటే ఆ లావాదేవీకి కీతో సరే అనడం, మాత్రం డబ్బా లోపలే జరుగుతుంది, కీ బయటికి రాదు. అంచేత కంప్యూటర్ పాడైనా, యాప్ తీసేసినా, లాప్‌టాప్ దొంగలెత్తుకుపోయినా కాయిన్లకు ఏమీ కాదు. ఇంకో కంప్యూటర్లో యాప్ వేసి డబ్బా తగిలిస్తే అన్నీ మళ్లీ కనిపిస్తాయి.

అయితే ఆ యాప్ అసలుదై ఉండాలి. 2023 నవంబరులో మైక్రోసాఫ్ట్ స్టోర్‌లోనే లెడ్జర్ పేరుతో నకిలీ యాప్ ఒకటి దూరింది, అదేదో అసలుదే అనుకుని వేసుకున్నవాళ్లు లక్షల డాలర్లు పోగొట్టుకున్నారు. అంత పెద్ద స్టోర్‌లోనే దూరిందంటే గూగుల్లో పైన వచ్చే ప్రకటనల సంగతి చెప్పక్కర్లేదు. కంపెనీ సొంత వెబ్‌సైటు అడ్రసు మీరే టైపు చేసుకుని అక్కడి నుంచే దింపుకోండి. యాప్ అయినా, వెబ్‌సైటైనా, కస్టమర్ కేర్ నుంచి అంటూ ఎంతో మర్యాదగా మాట్లాడే మనిషైనా, మీ 24 మాటలు కీబోర్డు మీద కొట్టమన్నారంటే అక్కడితో ఆపెయ్యండి. మామూలుగా ఆ మాటలు ఎక్కించేది డబ్బాలోనే, డబ్బాకున్న బటన్లతోనో స్క్రీనుతోనో.

మోసగాళ్లకు మీ అడ్రసు ఎలా తెలుస్తుందంటారా? 2020లో లెడ్జర్ కస్టమర్లలో సుమారు 2 లక్షల 70 వేల మంది పేర్లు, ఇంటి అడ్రసులు, ఫోన్ నంబర్లు బయటపడ్డాయి. మరుసటి ఏడు అందులో కొందరి ఇళ్లకు పోస్టులో నకిలీ డబ్బాలే వచ్చాయి, పాతది పనికిరాదు ఇది వాడండి అని ఉత్తరంతో సహా! మన దగ్గర అంత కష్టపడరు లెండి, వాట్సాప్‌లో ఒక లింకు పంపితే సరిపోతుంది.

కాయిన్లు ఎవరికైనా పంపేటప్పుడు ఒక అలవాటు చేసుకోండి. ఇక్కడ అడ్రసంటే ఇంటిది కాదు, కాయిన్లు చేరాల్సిన వాలెట్‌ది, పొడుగాటి అక్షరాల వరస. కాపీ చేసిన ఆ అడ్రసును పేస్ట్ చేసేలోపు మార్చేసే వైరస్‌లు ఉన్నాయి. కాబట్టి కంప్యూటర్ తెర మీదున్నది నమ్మకుండా, డబ్బా స్క్రీను మీద కనిపించే అడ్రసును, అవతలివాళ్లు పంపిన అడ్రసును పక్కపక్కన పెట్టుకుని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వేలు పెట్టి చదవండి. మొదటి నాలుగూ చివరి నాలుగూ చూస్తే చాలదండి, ఆ అక్షరాలు కలిసేలా దొంగ అడ్రసులు తయారు చేసే పనిమంతులున్నారు. 2025 ఫిబ్రవరిలో బైబిట్ అనే ఎక్స్ఛేంజిలో దాదాపు 150 కోట్ల డాలర్లు పోయింది, కంప్యూటర్ తెర మీద మామూలు లావాదేవీలా కనిపించింది, వాళ్లు సంతకం పెట్టింది వేరేదానికి. అంత అనుభవం ఉన్నవాళ్లకే అలా జరిగింది.

ఇప్పుడు మన గోదావరి జిల్లాలవాళ్లం ప్రత్యేకంగా ఆలోచించుకోవాల్సింది ఆ కాగితం గురించి. పిన్ మూడుసార్లు తప్పు కొడితే లెడ్జర్ తనంతట తానే చెరిపేసుకుంటుంది, ఫరవాలేదు. డబ్బా కాలవలో పడిపోయినా ఫరవాలేదు, కొత్తది కొని 24 మాటలు ఎక్కిస్తే యథాతథంగా వస్తుంది. కాగితం పోతేనే కథ మారుతుంది. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంక ఊళ్లలో జనం సర్టిఫికెట్లు ఉన్న సంచీ నెత్తిన పెట్టుకుని పడవెక్కారు. ఆ హడావుడిలో, పాత డైరీ మధ్యలో ఉన్న ఈ కాగితం ఎవరికి గుర్తుంటుంది? నీళ్లు రాకపోయినా చెదలొస్తాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలికి ఇనుప బీరువాయే తుప్పు పడుతుంది, కాగితమెంత.

అందుకే స్టెయిన్‌లెస్ స్టీలు రేకు మీద కొట్టుకోవడం మంచిది. పెళ్లి సామాను మీద పేర్లు చెక్కే కొట్టు ప్రతి ఊళ్లోనూ ఉంటుంది గానీ, దయచేసి ఈ పని ఆయనకివ్వకండి. ఇంగ్లీషు అక్షరాల పంచ్‌లు సెట్టుగా దొరుకుతాయి, సుత్తి మీ ఇంట్లోనే ఉంటుంది. ఒక్కో మాటకూ మొదటి నాలుగు అక్షరాలు చాలు, ఆ పట్టికలో ఏ రెండు మాటలకూ మొదటి నాలుగూ కలవవు. 24 మాటలకు మహా అయితే 96 అక్షరాలు, ఒక మధ్యాహ్నం పని. పక్కింటివాళ్లు ఏంటండీ ఆ చప్పుడు అంటే ఏదో ఒకటి చెప్పుకోండి.

జిరాక్స్ తీయించడం, ఫోన్లో ఫోటో తీసి వాట్సాప్‌లో మీకు మీరే పంపుకోవడం, ఇవి మనకి బాగా అలవాటైన పనులు, ఇక్కడ రెండూ వద్దు. ఫోటో మీకు తెలియకుండానే క్లౌడ్‌లోకి వెళ్లి కూర్చుంటుంది. ఒక రేకు ఇంట్లో, ఇంకోటి బ్యాంకు లాకర్లోనో, రాజమండ్రిలాంటి చోట ఎత్తు మీదున్న అత్తవారింట్లోనో ఉంచండి. సగం మాటలు ఇక్కడ, సగం అక్కడ అని పంచితే తెలివైన పనిలా కనిపిస్తుంది గానీ, ఏ సగం పోయినా మొత్తం పోయినట్టే.

ఎక్కువ మొత్తం వెయ్యకముందు చిన్న మొత్తం పంపి, డబ్బాను రీసెట్ కొట్టేసి, ఆ రేకు చూసి మాటలు ఎక్కించి, బ్యాలెన్స్ తిరిగొచ్చిందో లేదో చూసుకోండి. కొంచెం టెన్షన్‌గా ఉంటుంది, ఉండనివ్వండి, తప్పు రాసుంటే అప్పుడే బయటపడాలి.

చివరిగా ఇంట్లోవాళ్ల మాట. మీరు గల్ఫ్‌లో ఉండి, రేకు రాజోలులో అమ్మగారి బీరువాలో ఉందనుకోండి, మాటలేమిటో ఆవిడకు తెలియక్కర్లేదు, అదొక విలువైన వస్తువని తెలిస్తే చాలు. మీకేదైనా అయితే దాన్ని ఎవరి చేతికివ్వాలో కూడా ఆవిడకో మీ ఆవిడకో చెప్పి ఉంచండి. లేకపోతే సంక్రాంతి ముందు ఇల్లు దులిపేటప్పుడు, పిచ్చి గీతలున్న ఈ స్టీలు ముక్కేంటా అని పాత సామాన్ల బండివాడికి వేసేస్తారు, దానికి బదులు రెండు ఉల్లిపాయలు ఎక్కువ తీసుకుంటారు కూడా. ఉంటానండి, నమస్కారం.