పాత ప్యాటర్న్‌కి ఇప్పటి ఊలు: లెక్క కట్టే పద్ధతి

నమస్కారం. 1940ల నాటి స్వెటర్ ప్యాటర్న్ ఒకటి మీ చేతికొచ్చింది. అందులో రాసిన ఊలు ఇప్పుడు తయారు కావడం లేదు. దాని బదులు ఏది వాడాలో, ఎంత కొనాలో ఈ వీడియోలో చూద్దాం. ఒక స్కేలు, గుండుసూదులు, గ్రాముల్లో తూచే చిన్న కాటా దగ్గర పెట్టుకోండి.

ముందు సూదుల సంగతి. ప్యాటర్న్‌లో "10వ నంబరు" అని ఉంటే అది ఏ దేశానిదో చూడాలి. బ్రిటన్ పాత లెక్కలో 10 అంటే 3.25 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో 10 అంటే 6 మిల్లీమీటర్లు. బ్రిటన్ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది: 8 అంటే 4, 12 అంటే 2.75, 14 అంటే 2 మిల్లీమీటర్లు. దేశం పేరు లేకపోతే టెన్షన్, అంటే అంగుళానికి ఎన్ని కుట్లు రావాలో, అది చూడండి. అంగుళానికి ఏడు కుట్లు అడిగితే అది 6 మిల్లీమీటర్ల సూదితో అయ్యే పని కాదు.

ఇప్పుడు అందరూ పొరబడే చోటు. ప్యాటర్న్‌లో "3 ప్లై" అని ఉంటుంది, మనం షాపులో 3 ప్లై అని రాసి ఉన్న ఉండ వెతుకుతాం. ప్లై అంటే కలిపి పేనిన పోగుల సంఖ్య. పోగు లావైతే మూడు పోగుల ఊలు కూడా తాడులా ఉంటుంది. అందుకని ప్లైని పక్కనపెట్టి టెన్షన్‌ని పట్టుకోండి. దాన్ని నాలుగుతో గుణిస్తే 10 సెంటీమీటర్లకి ఎన్ని కుట్లో దాదాపుగా వస్తుంది. ఇప్పటి లేబుళ్ళ మీద ఉండేది అదే. 28 కుట్లు వస్తే, 100 గ్రాములకి 400 మీటర్ల చొప్పున వచ్చే, ఫింగరింగ్ అనే సన్నని ఊలుతో మొదలుపెట్టండి. 32 వస్తే ఇంకా సన్నది, 500 మీటర్ల దగ్గర ఉండేది కావాలి. 22 అయితే డీకే (డబుల్ నిట్టింగ్) అనే కాస్త లావు ఊలు, 200 నుంచి 250 మీటర్లు.

టెన్షన్ అసలు రాయలేదా? ప్యాటర్న్‌లోంచే లాగొచ్చు. చంక దగ్గర వెనక భాగం వెడల్పు 17 అంగుళాలు, అక్కడ సూది మీద 119 కుట్లు ఉన్నాయనుకోండి. 119ని 17తో భాగిస్తే ఏడు. అంతే.

[క్లోజప్: నమూనా ముక్క, స్కేలు, రెండు గుండుసూదులు]

ఇక నమూనా ముక్క. 15 సెంటీమీటర్ల చదరం అల్లండి, అంతకన్నా చిన్నది వద్దు. అల్లగానే కొలవకండి. స్వెటర్‌ని ఎలా ఉతుకుతారో దీన్నీ అలాగే ఉతికి, పరిచి, పూర్తిగా ఆరనివ్వండి. అంచులు ముడుచుకుంటాయి కాబట్టి మధ్యలో కొలవాలి. ఇక్కడ చూడండి: ఒక కుట్టు పక్కన గుండుసూది గుచ్చాను, సరిగ్గా 10 సెంటీమీటర్ల దూరంలో రెండోది. మధ్యలో 26 కుట్లు, ఇదిగో, చివర ఇంకో సగం. ఆ సగం కుట్టుని వదిలేయకండి.

చిన్న తేడా కూడా ఎంత పెరుగుతుందో లెక్క చూడండి. 34 అంగుళాల ఛాతీకి, అంగుళానికి ఏడు చొప్పున 238 కుట్లు. మీకు ఆరున్నరే వస్తే అవే 238 కుట్లు 36.6 అంగుళాలవుతాయి. అంగుళానికి అర కుట్టు తేడా స్వెటర్‌ని రెండున్నర అంగుళాలకు పైగా వదులు చేస్తుంది. ఆ రోజుల్లో స్వెటర్లు ఒంటికి అతుక్కునేలా కట్ చేసేవారు, కాబట్టి ఆ వదులు కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

లెక్క కుదిరినంత మాత్రాన గుడ్డ కుదిరినట్టు కాదు. ముక్కని వెలుగుకి ఎత్తి చూడండి. వలలా కనబడితే ఆ ఊలు మరీ సన్నం. మడిస్తే అట్టలా నిలబడితే మరీ లావు. సూది మార్చి కుట్ల లెక్క తెచ్చుకోగలం గానీ ఈ గుణం మారదు. అప్పుడు ఊలే మార్చాలి.

పీచు విషయానికొస్తే, పాత ఊలు చాలావరకు మామూలు గొర్రె ఉన్ని. దానికి అచ్చమైన బదులు సూపర్‌వాష్ కాని ఉన్నే. సూపర్‌వాష్ అంటే మెషీన్‌లో ఉతకడానికి వీలుగా మార్చిన ఉన్ని; అందులో వెంట్రుక మీది పొలుసుల్ని తీసేస్తారు లేదా వాటిమీద పూత వేస్తారు. దాంతో వెంట్రుకలు ఒకదాన్నొకటి పట్టుకోవు, తడిస్తే స్వెటర్ పొడుగ్గా సాగుతుంది. కాటన్ బరువైనది, దానికి సాగే గుణం తక్కువ. నడుము దగ్గర రిబ్ (సాగి బిగిసే పట్టీ అల్లిక) బిగుసుకోకుండా వేలాడుతుంది. 1930ల్లోని "ఆర్టిఫిషియల్ సిల్క్" అంటే రేయాన్, దానికి విస్కోస్ లేదా వెదురు కలిపిన నూలు దగ్గరగా ఉంటుంది.

ఎంత కొనాలి? పాత ప్యాటర్న్ ఔన్సుల్లో చెబుతుంది. ఔన్సు 28.35 గ్రాములు. కానీ ఒక్కో ఊలు ఒక్కో బరువు, కాబట్టి గ్రాములుగా మార్చి అంతే కొనేస్తే మధ్యలో చాలకపోవచ్చు. ఉతికి ఆరిన ముక్కనే తూచండి. 15 సెంటీమీటర్ల చదరం 6.3 గ్రాములు తూగితే, 10 సెంటీమీటర్ల చదరం 2.8 గ్రాములు. వెనకా ముందూ ఒక్కోటి 45కి 50 సెంటీమీటర్లు, చేతులు ఒక్కోటి సగటున 30కి 45. మొత్తం 7200 చదరపు సెంటీమీటర్లు, అంటే 72 ముక్కలు, దాదాపు 202 గ్రాములు. రిబ్బులకీ భాగాలు కలిపి కుట్టడానికీ 15 శాతం కలిపితే 232. అయిదు 50 గ్రాముల ఉండలు, ఒకే డై లాట్ (ఒకేసారి రంగు వేసిన విడత) నంబరువి తీసుకోండి. జడ అల్లికలుంటే ఆ నమూనాతోనే ముక్క అల్లి తూచాలి, వాటికి ఊలు ఎక్కువ పడుతుంది.

చివరగా వరసలు. "12 అంగుళాలు వచ్చేవరకు అల్లండి" అంటే ఇబ్బంది లేదు. "ప్రతి 8వ వరసలో కుట్లు పెంచండి, 12 సార్లు" అంటే మాత్రం ఆగండి. అది 96 వరసలు. అంగుళానికి తొమ్మిది వరసలైతే 10.7 అంగుళాలు. మీకు ఎనిమిదే వస్తే చెయ్యి 12 అంగుళాలు సాగుతుంది. ప్రతి 7వ వరసలో పెంచితే 84 వరసలు, పదిన్నర అంగుళాలు. కానీ 7 బేసి సంఖ్య, పెంచే వరస ఒకసారి పైవైపు, ఒకసారి లోపలివైపు పడుతుంది. అందుకే ఒకసారి 6వ వరసలో, తర్వాత 8వ వరసలో, ఇలా మార్చి మార్చి పెంచండి. మొత్తం అదే 84, పెంపులన్నీ పైవైపే పడతాయి.