పై మట్టి ఎక్కడ పెడతారు?

శ్రోతలకు నమస్కారం. క్వారీ అనగానే బ్లాస్టింగ్, దుమ్ము, లారీలే గుర్తొస్తాయి ఎవరికైనా. నాకు మాత్రం కెనడాలో ఒక గొయ్యి గుర్తొస్తుంది.

వాంకూవర్ దీవిలో విక్టోరియా నగరానికి దగ్గర్లో, నూరేళ్ల కిందటి మాట. రాబర్ట్ బుచార్ట్ అనే ఆయన అక్కడ సున్నపురాయి తవ్వించి సిమెంటు చేసేవారు. రాయి అయిపోయింది. ఇంటి పక్కన పెద్ద గొయ్యి మిగిలింది. ఆయన భార్య జెన్నీ ఆ గోతిలో తోట వెయ్యాలనుకున్నారు. వెయ్యాలంటే మట్టేదీ? అడుగంతా రాయే. చుట్టుపక్కల పొలాల నుంచి గుర్రపు బళ్ల మీద మట్టి తోలించారు. నిలువు గోడల్లాంటి రాతి పగుళ్లలో తీగలు నాటడానికి, తాళ్లకు కట్టిన పలక మీద కూర్చుని, గోతి అంచు నుంచి ఆవిడే కిందికి వేలాడారట! 1921కి ఆ పల్లపు తోట పూర్తయింది. పాత సిమెంటు బట్టీ పొగగొట్టం ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ పూల కన్నా నన్ను పట్టుకున్నది ఆ మట్టి బళ్లు. బండి తర్వాత బండి, బండి తర్వాత బండి. ప్రతి గోతికీ ఒక జెన్నీ దొరకరు. అందుకే నిబంధనలు.

ఏ భూమిని దేనికి వాడాలో చెప్పే ప్లానులో ఒక భూమిని క్వారీ జోన్ అని గుర్తిస్తే, అది శాశ్వతంగా గొయ్యి అయిపోవాలని కాదు. కొన్నేళ్లు తవ్వుకుని, తర్వాత ఇంకొక పనికి పనికొచ్చేలా అప్పగించాలని. ఇళ్లకు ఎంత దూరం, ఎంత లోతు, ఏ వేళల్లో పేల్చాలి, ఇవన్నీ సాధారణంగా షరతుల్లో ఉంటాయి. పని మధ్యలో వదిలేసి పోకుండా చాలా చోట్ల ముందే డిపాజిట్ కట్టించుకుంటారు.

నాకు వీటన్నిటికన్నా ముఖ్యం పై మట్టి. జానెడు మందాన ఉండే ఆ పొరలోనే విత్తనాలు, వేళ్లు, వానపాములు ఉంటాయి. తవ్వకం అయ్యాక మళ్లీ పరవడానికి, దాన్ని ముందుగా గీకి, అడుగు మట్టితో కలవకుండా విడిగా పొయ్యాలి. కుప్ప మరీ ఎత్తుగా పోస్తే కింది మట్టి అణిగిపోయి, గాలాడక చచ్చిపోతుంది. పైన గడ్డి విత్తనాలు చల్లితే వానకు కొట్టుకుపోదు.

మీ దగ్గర క్వారీ ప్లాను అభ్యంతరాల కోసం బయట పెడితే, పునరుద్ధరణ మ్యాపు, అంటే తవ్వాక ఆ భూమిని ఎలా బాగుచేస్తారో చూపే మ్యాపు, చూపించమని అడగండి. అందులో పై మట్టి కుప్ప ఎక్కడ ఉందో వేలు పెట్టి వెతకండి. కనబడకపోతే గడువు దాటకముందే అదే మాట కాగితం మీద రాసి ఇచ్చి, అందినట్టు రసీదు తీసుకోండి.