బోర్డు మీద పాము గీత

సైన్సు టీచర్లందరికీ నమస్కారం.

ధ్వని తరంగాల పాఠం రాగానే మనం బోర్డు మీద ఒక వంకర గీత గీస్తాం. పైన శృంగం, కింద ద్రోణి అని రాసి, తరంగదైర్ఘ్యానికి, అంటే ఒక అల పొడవుకి, బాణం గుర్తు వేస్తాం. పిల్లలు నోట్సులో దించుకుంటారు. నేనూ చాలా ఏళ్లు అలాగే చెప్పాను. ఒకరోజు ఒక పాప లేచి, "సార్, మాట పాము మాదిరి మెలికలు తిరుగుతూ వస్తుందా?" అని అడిగింది. తప్పు నాదే. ఆ గీత గాలి ఎక్కడ ఎంత ఒత్తుకుందో చూపే గ్రాఫ్. ధ్వని ఆకారం కాదు. ఆ ఒక్క ముక్క నేను ఎన్నడూ చెప్పలేదు.

మరుసటి రోజు కొండ మీది క్యూలైను గుర్తుచేశాను. తిరుపతి పిల్లలకు అది కొత్తేమీ కాదు కదా! వెనకాల ఎవరో తోస్తారు. ఆ తోపు ఒకరి మీదుగా ఒకరికి అందుతూ ముందుకు పోతుంది. తోసినవాళ్లు మాత్రం ఉన్నచోటే ఉంటారు. పదిహేను మందిని వరండాలో వరసగా నిలబెట్టి, ముందున్నవారి భుజాల మీద చేతులు వేయించాను. చివర ఉన్న పిల్లవాడి వీపు మెల్లగా నొక్కితే, ఆ నొక్కు వరస ముందు కొసదాకా పాకింది. ఎవరూ అడుగు వేయలేదు. "ఏం పోయింది, ఏం మిగిలింది?" అని అడిగాను. ఆ పాపే చెప్పింది: "నెట్టుడు పోయింది సార్, మేం ఇక్కడే ఉన్నాం."

గాలిలో జరిగేదీ అదే. గాలి అలా ఒత్తుకోవడమే సంపీడనం. ఆ మాట ఆ తర్వాత చెప్తే పిల్లలకు బరువుగా ఉండదు. వరస మధ్యలోంచి ముగ్గురిని పక్కకు తప్పించండి. నొక్కు అక్కడితో ఆగిపోతుంది. గాలి గానీ మరే పదార్థం గానీ లేని చోట ధ్వని ఎందుకు పోదో వేరే చెప్పనక్కర్లేదు.

వెలుగు దగ్గరికి వచ్చేసరికి ఈ క్యూలైను పనికిరాదు. ఆ సంగతి పిల్లలకు దాచకుండా చెప్పాలి. సూర్యుడికీ మనకూ మధ్య వరస కట్టినవాళ్లెవరూ లేరు, అయినా వెలుగు దాదాపు 8 నిమిషాల 20 సెకన్లలో వచ్చేస్తుంది. ఇక్కడ తాడు తీసుకోండి. మధ్యలో ఎర్ర రిబ్బను కట్టి ఒక కొసను ఊపితే, అల ముందుకు పోతుంది, రిబ్బను పైకీ కిందికీ ఆడుతుంది. వెలుగులో అలా ఊగేవి విద్యుత్, అయస్కాంత క్షేత్రాలు. చిన్న తరగతుల్లో ఈ మాట అనేసి ముందుకు పోవచ్చు. పదో తరగతిలో మాత్రం కాస్త ఆగాలి.

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఒకటుంది. వంటింట్లోంచి అమ్మ పిలిస్తే వినిపిస్తుంది, అమ్మ మాత్రం కనిపించదు. ఎందుకని? గోడలకు తగిలి తిరిగొచ్చే శబ్దం కొంత ఉంది. అసలు విషయం తరంగాల పొడవులో ఉంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. మాటలోని చాలా ధ్వనుల పొడవు జానెడు నుంచి రెండు మూడు మీటర్ల దాకా ఉంటుంది. వాకిలి వెడల్పు ఒక మీటరు. రెండూ ఇంచుమించు ఒకే కొలత, అందుకే ధ్వని వాకిలి దాటగానే పక్కలకు విచ్చుకుంటుంది. కంటికి కనిపించే వెలుగు తరంగాలో? తల వెంట్రుక మందంలో వందకు పైగా పడతాయి. వాటికి మన వాకిలి మహా మైదానం, నేరుగా పోతాయి. స్కేలు పట్టుకుని ఇంట్లో వాకిళ్లు కొలుచుకుని రమ్మనండి, మరుసటి రోజు క్లాసులో ఎవరూ నిద్రపోరు.

మన పక్కనే గాదంకి ఉంది. అక్కడి జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాలలో 1024 యాంటెన్నాలు పరిచిన రాడార్ 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను ఆకాశంలోకి పంపి, పైగాలుల కదలిక తెలుసుకుంటుంది. రేడియో తరంగాలు వెలుగుకు చుట్టాలే, వేగం కూడా అదే. ఆ రాడార్ తరంగదైర్ఘ్యం ఎంతో పిల్లల చేతే లెక్క వేయించండి. వేగం సెకనుకు సుమారు 300 మిలియన్ మీటర్లు, 53 మెగాహెర్ట్జ్ అంటే సెకనుకు 53 మిలియన్ అలలు. 300ని 53తో భాగిస్తే చాలు, సుమారు 5.66 మీటర్లు. మా బడి ఆవరణలో టేపు పరిచి కొలిచి, సుద్దముక్కతో గీత గీశాం. ఒక పిల్లవాడు ఆ గీత ఒక కొస నుంచి రెండో కొసకు నడిచి, "ఇది ఒక్క అలేనా సార్?" అన్నాడు.

ఇక మాటలు చాలు. అందరూ బయటి వరండాలోకి రండి, వరస కడదాం. చివర నేను నిలబడతాను.