పాత జేబు పిస్తోలు: మూడు చూశాను, ఒకటి కొన్నాను

నమస్కారం. ప్రొద్దుటూరు నుంచి మాట్లాడుతున్నాను. పాయింట్ 32 బోరులో (బోరు అంటే గొట్టం లోపలి కొలత), అరచేతిలో ఇమిడే పాత జేబు పిస్తోలును ఎలా చూసి కొనాలో ఈ రోజు చెబుతాను. అంటే ఇంకొకరు లైసెన్సు మీద వాడి ఇప్పుడు అమ్ముతున్నది. ఒక మాట ముందే చెప్పాలి. నా పిస్తోలును కెమెరా ముందు పెట్టను. ఆయుధాన్ని నలుగురికీ చూపించుకోవడం నాకు ఇష్టం లేదు. తెర మీద మీకు కనిపించేవి నేను గీయించిన బొమ్మలు. పరీక్షించవలసిన చోట్లకు ఎర్ర రంగు వేయించాను.

మాది బంగారం వ్యాపారం. సరుకు పట్టుకుని కడపకు, బెంగళూరుకు తిరగాలి. లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. పోలీసు విచారణ అయింది. ఆయుధ భద్రత శిక్షణ ధ్రువపత్రం సమర్పించాను. లైసెన్సు నా చేతికి వచ్చాకే మొదటి పిస్తోలును తాకి చూశాను. మీరు కూడా ఇదే వరస పాటించండి. మన జిల్లాలో ఎక్కడో ఒకచోట "లైసెన్సు అవసరం లేదు, సరుకు ఉంది, చూస్తారా" అనే మనిషి తగలవచ్చు. అతనితో రెండో మాట వద్దు. మన ఊళ్లు నాటు తుపాకుల వల్ల చాలా పోగొట్టుకున్నాయి. ఆ దారిలో వచ్చిన దానికి ఈ వీడియోలో చోటు లేదు.

కొత్తది ఉండగా పాతది ఎందుకు అని అడుగుతారు. కొత్తవి మన దేశంలోనే తయారవుతున్నాయి. కాన్పూర్ ఫీల్డ్ గన్ ఫ్యాక్టరీ 2014లో తెచ్చిన నిర్భీక్ రివాల్వర్ బరువు దాదాపు 500 గ్రాములే. ఈ కర్మాగారాలు 2021 నుంచి ప్రభుత్వ కంపెనీల కింద నడుస్తున్నాయి. నాకు మాత్రం రివాల్వర్ కన్నా పలచగా ఉండే పిస్తోలు కావాలి. విదేశీ ఆయుధాలను మామూలు వ్యక్తులు దిగుమతి చేసుకోవడం 1980లలోనే ఆగిపోయింది. అందుకే అంతకుముందు వచ్చిన బ్రౌనింగులు, కోల్ట్‌లు, వెబ్లీలు చేతులు మారుతూనే ఉన్నాయి, ధరలు లక్షల్లో పలుకుతున్నాయి. ఇక 9 ఎం.ఎం. మనకు నిషేధిత బోరు, అంటే మామూలు వ్యక్తులకు లైసెన్సు ఇవ్వని కొలత. దాని మీద ఆశ పెట్టుకోకండి.

మొదట చూసింది కోల్ట్ 1903. ఒక డీలరు దగ్గర ఉంది. దీనిని హ్యామర్‌లెస్ అంటారు కానీ హ్యామర్, అంటే తూటా పేలడానికి కొట్టే సుత్తి, ఉంటుంది. పైన ముందుకూ వెనక్కూ కదిలే స్లైడు లోపల దాగి ఉంటుంది. బరువు ఖాళీగా 700 గ్రాములకు కొంచెం తక్కువ, తూటాలు పేర్చే డబ్బా, అంటే మ్యాగజైనులో 8 పడతాయి. నల్లగా నిగనిగలాడుతోంది, చూడగానే మనసు పోయింది. అప్పుడే భూతద్దం తీశాను. స్లైడు మీద చెక్కిన అక్షరాల అంచులు కరిగిన సబ్బులా మెత్తబడి ఉన్నాయి. అంటే పై పొరను అరగదీసి కొత్తగా నలుపు ఎక్కించారు. అది నేరమేమీ కాదు. కానీ తుప్పు తిన్న గుంటలు ఆ నలుపు కింద దాగుతాయి. బ్యారెల్, అంటే గొట్టంలోకి వెలుతురు పంపి చూశాను. మధ్యలో ఒక నల్లని ఉంగరం కనిపించింది. ఎప్పుడో ఒక గుండు గొట్టంలోనే ఆగిపోయి, దాని వెనక ఇంకొకటి పేలితే గొట్టం అక్కడ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు లోపల ఉంగరంలా కనిపిస్తుంది. ఉంగరం ఉన్న బ్యారెల్‌ను ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి. ఆ డీలరు ఈ సంగతి నాకు చెప్పకపోవడం ఇప్పటికీ బాధగా ఉంది. రేపు దానిని కొనేది ఎవరో, పేల్చేది ఎవరి చెయ్యో!

రెండోది వెబ్లీ అండ్ స్కాట్, కడపలో ఒక విశ్రాంత అధికారి ఇంట్లో. లండన్ పోలీసులు వాడిన నమూనా ఇది. పలకలు పలకలుగా, మొరటుగా ఉంటుంది. స్లైడును తిరిగి ముందుకు తోసే దీని స్ప్రింగు వి ఆకారంలో కుడివైపు పిడి రేకు కింద కూర్చుంటుంది. ఆ రేకు పగిలితే సరిపడేది దొరకడం కష్టం. ఇంటి పెద్దాయన ఎంతో ప్రేమగా నూనె పట్టించి ఉంచారు, గొట్టం లోపల గాడులు పదునుగా ఉన్నాయి. కానీ ఖాళీ చేసిన పిస్తోలు హ్యామర్‌ను వెనక్కి ఎత్తి, ట్రిగ్గర్ తాకకుండా బొటనవేలితో ముందుకు నెట్టాను. జారిపోయింది. లోపల హ్యామర్‌ను పట్టుకునే కొక్కెం అరిగిందని దాని అర్థం. ఆయన ముఖం చిన్నబోయింది. "నాన్నగారి కాలం నుంచి ఉందండీ, ఇలా ఎవరూ చూడలేదు" అన్నారు. లైసెన్సున్న మరమ్మతుదారు దగ్గరకు పంపే దాకా దానిలో తూటా పెట్టవద్దని ఆయన్ను బతిమాలి వచ్చాను.

మూడోది నేను కొన్నది. బ్రౌనింగ్ 1910, బెల్జియంలో ఎఫ్ఎన్ కంపెనీ చేసింది. దీనిలో స్ప్రింగు బ్యారెల్ చుట్టూ చుట్టుకుని ఉంటుంది, అందుకే ముందు భాగం గుండ్రంగా, నున్నగా జేబులోంచి ఎక్కడా తగులుకోకుండా వస్తుంది. 7 తూటాలు, దాదాపు 600 గ్రాములు. 1914లో సరయేవోలో ఆస్ట్రియా యువరాజును చంపింది ఈ నమూనాతోనే, అయితే ఆ తూటా కొలత వేరు. నాకు దొరికిన దాని నలుపు మూడొంతులు పోయింది, పిడి మీద గీతలు. కానీ ఫ్రేము మీద, స్లైడు మీద, బ్యారెల్ మీద ఒకటే నంబరు. అదే నంబరు అమ్మే వ్యక్తి లైసెన్సులో. నాలుగు చోట్లా కలిసేసరికి నా గుండె తేలికపడింది. నంబరు చెరిపినట్టు, దిద్దినట్టు అనుమానం వస్తే బేరం ఆడకుండా లేచి వచ్చేయండి. చెరపడం నేరం, అలాంటిది దగ్గర ఉంచుకోవడమూ నేరమే.

మ్యాగజైనును చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. నేను దానికే ఎక్కువ సమయం ఇచ్చాను. ఈ పాయింట్ 32 తూటా అడుగున సన్నని అంచు కొంచెం బయటికి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనక పడితే రెండూ ఒకదానికొకటి చిక్కుకుని పిస్తోలు మొరాయిస్తుంది. మ్యాగజైను పెదవులు, అంటే పై తూటాను పట్టి ఉంచే అంచులు, వంగినా, చిట్లినా ఇబ్బందులు పెరుగుతాయి. అసలు మ్యాగజైను రెండోది ఉందా అని అడగండి, ఉంటే దానికి విడిగా డబ్బు ఇచ్చినా నష్టం లేదు.

ఇంకొకటి, ప్రాణానికి సంబంధించినది. బ్రౌనింగ్ 1910, కోల్ట్ 1903 లాంటి వాటిలో కింద పడినప్పుడు పేలకుండా, తూటాను పొడిచి పేల్చే సూదిని అడ్డుకునే ఏర్పాటు లేదు. పిడి వెనక నొక్కితేనే పనిచేసే మీట ఉంది కదా అని ధైర్యపడవద్దు. నేను చాంబరులో, అంటే గొట్టం వెనక పేలే చోట, తూటా పెట్టి ఎప్పుడూ తిరగను.

బేరం కుదిరిన రోజే పిస్తోలు ఇంటికి రాదు. అమ్మే వ్యక్తి తన ఉద్దేశాన్ని, కొనేవారి పేరు, చిరునామాలను జిల్లా మేజిస్ట్రేటుకో దగ్గరి పోలీసు స్టేషన్ అధికారికో రాతపూర్వకంగా తెలపాలి. ఆ తరువాత కనీసం 45 రోజులు గడవాలి. 1959 ఆయుధ చట్టంలోనే ఉంది ఇది. ఆ 45 రోజులూ నాకు ఎంతో ఉపయోగపడ్డాయి. అమ్మే ఆయన ద్వారానే లైసెన్సున్న మరమ్మతుదారు చేత పిస్తోలును విప్పించి చూపించాను, స్ప్రింగు మార్పించాను, ఇంట్లో ఇనుప పెట్టె గోడకు బిగించాను. గడువు తీరాక అమ్మినట్టు ఆయన లైసెన్సులో, కొన్నట్టు నా లైసెన్సులో నమోదు చేయించాం. 2019 సవరణ తరువాత ఒక మనిషికి రెండు ఆయుధాలే అనుమతి, లైసెన్సు గడువు అయిదేళ్లు. మీ దగ్గర ఇప్పటికే రెండు ఉంటే ఈ కొనుగోలు మాట మరిచిపోండి. ఎన్నికలు వచ్చినప్పుడు స్టేషనులో అప్పగించమంటే అప్పగించి రసీదు తీసుకోవాలి, ఆ రసీదును లైసెన్సుతో పాటు భద్రపరచాలి.

ఇనుప పెట్టె మాట ఎందుకు ఎత్తానంటే, మా ఇంట్లో ఆరేళ్ల మనవరాలు ఉంది. జేబు పిస్తోలు చిన్నది, దాని పిడి చిన్న చేతికి కూడా సరిపోతుంది. పెద్ద తుపాకీని పిల్లలు ఎత్తలేరు, దీన్ని ఎత్తగలరు. కొన్న రోజు నుంచి నన్ను భయపెట్టేది ఇదొక్కటే. అందుకని పిస్తోలు ఒక పెట్టెలో, తూటాలు వేరే గదిలో వేరే తాళం కింద. రెండు తాళం చెవులూ నా మొలతాడుకే కట్టుకున్నాను. స్నానానికి వెళ్లినా విప్పను.