ముందు ఎగిరే వంతు

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మ మంచం పట్టిన మూడు నెలలూ రాత్రిపూట ఆమె పక్కన మెలకువగా ఉన్నది మా అక్క. ఏ మందు ఎప్పుడు వేయాలో అక్కకే తెలుసు. డాక్టరుతో మాట్లాడేదీ అక్కే. మిగతా ముగ్గురం ఆమెను తెగ మెచ్చుకునేవాళ్లం. "నువ్వు లేకపోతే ఏమైపోయేవాళ్లమో అక్కా" అని రోజూ ఎవరో ఒకరం అనేవాళ్లం. మనస్ఫూర్తిగానే అన్నాం. ఒక తెల్లవారుజామున నేను లేచి చూసేసరికి అక్క గోడకు తల ఆనించి, చేతిలో నీళ్ల గ్లాసుతో కూర్చున్నచోటే నిద్రపోతోంది. ఇన్నాళ్లూ మేం అన్న మంచి మాటల్లో ఒక్కటి కూడా ఆమెకు గంట నిద్ర ఇవ్వలేదని అప్పుడు తట్టింది నాకు.

ఈరోజు నేను మాట్లాడబోయేది పక్షుల గురించి, తేనెటీగల గురించి. వాటి గురించి చదువుతున్నప్పుడల్లా నాకు ఆ తెల్లవారుజామే గుర్తొస్తుంది. అందుకే ముందుగా అది చెప్పాను.

పెద్ద పక్షులు గుంపుగా దూర ప్రయాణం చేసేటప్పుడు బాణం మొన ఆకారంలో ఎగరడం మీలో చాలామంది చూసే ఉంటారు. అడవి బాతులు, గూడబాతులు అలాగే వెళతాయి. పక్షి రెక్క కొట్టినప్పుడు దాని కిందున్న గాలి కిందికి పోతుంది. రెక్క కొసల దగ్గర మాత్రం గాలి సుడి తిరిగి పైకి లేస్తుంది. వెనకాల, కాస్త పక్కకు జరిగి ఎగిరే పక్షి తన రెక్కను ఆ పైకి లేచే గాలిలో ఉంచగలిగితే దాని కష్టం తగ్గుతుంది. 2001లో ఫ్రాన్సు శాస్త్రవేత్తలు గూడబాతుల గుండె వేగాన్ని కొలిచారు. ఒంటరిగా ఎగిరినప్పటికంటే గుంపులో ఎగిరినప్పుడు వాటి గుండె 11 నుంచి 14 శాతం దాకా నెమ్మదిగా కొట్టుకుంది. రోజుల తరబడి సాగే ప్రయాణంలో అది చాలా పెద్ద తేడా.

మరి అందరికంటే ముందున్న పక్షి సంగతేమిటి? దాని ముందు ఎవరూ లేరు. దానికి ఎవరి గాలీ అందదు. కింద నుంచి చూసే మనకు అది నాయకుడిలా, గర్వంగా కనిపిస్తుంది. నిజానికి ఆ గుంపులో అన్నిటికంటే బరువైన చోటు అదే. అక్కడ ఎవరు ఉండాలి, ఎంతసేపు ఉండాలి అనే ప్రశ్నకు జవాబు దొరికిన తీరు నాకు చాలా ఇష్టం. కాస్త వివరంగా చెబుతాను.

బట్టతల ఐబిస్ అని ఒక పక్షి ఉంది. కంకణాలు అనే పక్షుల జాతికి చెందింది. నల్లటి ఒళ్లు, పొడవాటి వంకర ముక్కు, ఈకలు లేని తల. మధ్య యూరప్‌లో అది 17వ శతాబ్దంలోనే కనుమరుగైపోయింది. అక్కడ జూలలో మాత్రం మిగిలింది. ఆస్ట్రియాకు చెందిన జీవశాస్త్రవేత్త యొహానెస్ ఫ్రిట్జ్, ఆయన బృందం దాన్ని మళ్లీ ఆకాశంలోకి తేవాలనుకున్నారు. అయితే జూలో పుట్టిన పిల్లకు చలికాలం ఎటు వెళ్లాలో తెలియదు. దారి చూపించే తల్లిదండ్రులు దానికి లేరు. అందుకని మనుషులే వాటికి పెంపుడు తల్లులయ్యారు. చేత్తో తినిపించి పెంచారు. తర్వాత చిన్న మోటారు విమానంలో కూర్చుని, పిలుస్తూ పిలుస్తూ, ఆల్ప్స్ పర్వతాల అవతల ఇటలీలోని టస్కనీ దాకా వాటిని వెంటబెట్టుకుని వెళ్లారు. ఒక జాతి మరిచిపోయిన దారిని ఇంకో జాతి నేర్పించింది. ఇది చదివినప్పుడు నా కళ్లు చెమర్చాయి.

ఆ ప్రయాణంలో 14 పక్షుల వీపుల మీద చిన్న పరికరాలు పెట్టారు. ఏ పక్షి ఎక్కడుంది, ఎప్పుడు రెక్క కొట్టింది అన్నీ నమోదయ్యాయి. 2014లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. వెనకున్న పక్షి సరైన చోటు చూసుకోవడంతో ఆగడం లేదు, ముందు పక్షి రెక్క కొస గాలిలో గీసిన దారినే తన రెక్క కొస కూడా అనుసరించేలా లయ కలుపుతోంది. పెద్ద పక్షులేవీ నేర్పకుండానే ఆ పిల్లలు ఇదంతా తమంతట తామే, ఒకదాన్ని చూసి ఒకటి, ఎగురుతూ నేర్చుకున్నాయి.

మరుసటి ఏడాది అవే వివరాలను ఇంకో కోణంలో పరిశీలించారు. ఒక్కో పక్షి సగటున 32 శాతం సమయం మరో పక్షి గాలి సాయం తీసుకుంటూ ఎగిరింది. తీసుకున్నంతకు తగ్గట్టే తనూ ముందుకు వచ్చి ఎగిరింది. రెండేసి పక్షుల మధ్య ఈ వంతులు తరచూ మారుతూనే ఉన్నాయి. కాసేపు నువ్వు, కాసేపు నేను. ఎప్పుడూ వెనకే ఉండి సుఖపడే పక్షి ఒక్కటీ వాళ్లకు కనిపించలేదు. ఎప్పుడూ ముందే ఉండి అలిసిపోయే పక్షి కూడా లేదు. ఈ రెండో మాట కూడా నాకు మొదటి దానంత ముఖ్యం. బద్ధకస్తుడి గురించి మనం కోపంగా మాట్లాడుకుంటాం. వంతు వదలకుండా అంతా తన నెత్తిన వేసుకునే మనిషి గురించి మాత్రం ఎవరం మాట్లాడం. ఆ మనిషిని పొగిడి ఊరుకుంటాం.

అడవి బాతుల గురించి ఫోన్లలో ఒక సందేశం తిరుగుతూ ఉంటుంది. వెనకున్న బాతులు అరుస్తూ ముందున్నదాన్ని ఉత్సాహపరుస్తాయని, గుంపుగా వెళితే 71 శాతం ఎక్కువ దూరం ఎగరగలవని. ఆ అంకె 1970లో కాగితం మీద వేసిన ఒక లెక్క నుంచి వచ్చింది, ఎగిరే బాతులను కొలిచి రాబట్టింది కాదు. ఇక అరుపుల సంగతి. గుంపు చెదిరిపోకుండా, ఎవరెక్కడ ఉన్నారో ఒకరికొకరు తెలిసేలా బాతులు అరుస్తాయని పక్షుల్ని గమనించేవాళ్లు చెబుతారు. "శభాష్" అనే అర్థం అందులో లేకపోవచ్చు. "ఇక్కడే ఉన్నాను" అనే అర్థం మాత్రం ఉంది. ముందు ఎగిరేవాడికి వెనక్కి తిరిగి చూసే వీలుండదు కదా. నాకైతే ఆ మాటే పెద్ద ధైర్యం అనిపిస్తుంది.

ఇప్పుడు తేనెటీగల దగ్గరికి వద్దాం. పట్టులో ఈగలు ఎక్కువైపోతే పాత రాణి దాదాపు పదివేల కూలీ ఈగలతో బయటికి వచ్చేస్తుంది. అన్నీ ఒక కొమ్మకు గుత్తిలా వేలాడతాయి. ఇల్లు లేదు, వాన వస్తే కష్టం. కొత్త చోటు ఎవరు నిర్ణయిస్తారు? పేరుకు రాణి అయినా ఆమెకు ఈ విషయంలో ఏ పాత్రా లేదు. వయసులో పెద్దవైన కొన్ని వందల ఈగలు నలుదిక్కులకూ వెళ్లి చెట్టు తొర్రలు వెతుకుతాయి. తొర్ర దొరికిన ఈగ తిరిగి వచ్చి నాట్యంతో దిక్కూ దూరమూ చెబుతుంది. ఆ నాట్య భాషను విప్పి చెప్పిన కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. చోటు ఎంత బాగుంటే నాట్యం అంతసేపు సాగుతుంది. అయితే ఏ ఈగా తన మాటే నెగ్గాలని పట్టుబట్టదు. వెళ్లి చూసి వచ్చిన ప్రతిసారీ దాని నాట్యం కొంత తగ్గుతూ, చివరికి ఆగిపోతుంది. ఆ చోటు మంచిదైతే ఈలోగా మరికొన్ని ఈగలు స్వయంగా చూసి వచ్చి నాట్యం అందుకుంటాయి. ఏదో ఒక తొర్ర దగ్గర ఒకేసారి ఇరవై ముప్ఫై ఈగలు చేరితే నిర్ణయం అయిపోయినట్టే.

అసలు అందం ఆ తర్వాత ఉంది. నిర్ణయం అయింది గానీ, గుత్తిలో వేలాడుతున్న వేల ఈగల ఒళ్లు చల్లబడి ఉంటాయి. ఆ చలిలో అవి ఎగరలేవు. రెక్కల కండరాలు దాదాపు 35 డిగ్రీలకు వేడెక్కాలి. అప్పుడు చోటు చూసి వచ్చిన ఈగలు గుత్తిలోకి దూరి, ఆగి ఉన్న ఈగను ఒక్కొక్కదాన్నే ఒంటితో తాకి, సన్నగా కూత పెడతాయి. ఒకదాన్ని తాకి కూత, ఇంకోదాన్ని తాకి కూత. ఆ స్పర్శ తగిలిన ఈగ కండరాలు వణికించి వేడి పుట్టించుకుంటుంది. చివరి ఈగ కూడా సిద్ధమయ్యాక, ఒక్క నిమిషంలో గుత్తి మొత్తం గాల్లోకి లేస్తుంది. దారి తెలిసిన కొద్ది ఈగలు ఆ మేఘంలాంటి గుంపు పైభాగాన వేగంగా దూసుకుపోతూ దిక్కు చూపిస్తాయి. ఉత్సాహపరచడం అంటే ఏమిటని నన్నెవరైనా అడిగితే ఈ తాకి పెట్టే కూతనే చూపిస్తాను. వేదిక మీద నుంచి అందరికీ కలిపి ఒకే కేక వేయడం తేలిక. చలికి ముడుచుకున్న ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లడం తేలిక కాదు.

థాయ్‌లాండ్‌లో 26 ఏనుగులను గమనించిన శాస్త్రవేత్తలు 2014లో ఇలాంటిదే రాశారు. ఒక ఏనుగు దేనికైనా బెదిరి చెవులు, తోక నిగిడిస్తే, పక్క ఏనుగు దగ్గరికి వచ్చి తొండంతో దాని మొహం నిమిరింది, మెల్లగా కిచకిచమని శబ్దం చేసింది. అంత పెద్ద జంతువు నోట్లోంచి అంత చిన్న శబ్దం.

ఆ రోజు తెల్లవారుజామున నేను అక్క చేతిలోని గ్లాసు తీసి పక్కన పెట్టాను. ఆమె ఉలిక్కిపడి లేచి, "మందు టైమ్ అయిందా?" అంది. ఆ రాత్రి నుంచి వంతులు వేసుకున్నాం. మొదటి వంతు నాది. అక్క మందుల చీటీ నా చేతిలో పెట్టి, ఏ మాత్ర ఎప్పుడో రెండుసార్లు చెప్పి, గుమ్మం దగ్గర ఆగి, మళ్లీ మూడోసారి చెప్పి వెళ్లి పడుకుంది. మర్నాడు పొద్దెక్కే దాకా లేవలేదు.

నమస్కారం.